కుడితి తాగిన ఏనుగు

మార్చి 3

ఇందుమూలముగా అమీర్‌పేట, పంజాగుట్ట పరిసర ప్రజలందరికీ, ముఖ్యముగా మా గల్లీలోని కోచింగ్ పిల్లలకూ హాస్టల్ ఆడపిల్లలకూ తెలియజేయునది ఏమనగా: నేటి నుండి మా కర్రీ పాయింట్‌లో బీరకాయ కూరను బీరకాయ కూర అనియే పిలువవలెను. మొసలి కూర అని పిలువరాదు. దొండకాయ వేపుడును జీబ్రా వేళ్ళు అనరాదు. జీబ్రాకు వేళ్ళు లేవు. బోర్డు మీద సుద్దముక్కతో సదరు రాతలు రాసిన వ్యక్తికి దుకాణం యజమానురాలు ఆఖరి హెచ్చరిక జారీ చేసియున్నారు. ఆ వ్యక్తి పేరు నర్సింహులు. వయసు యాభై ఒకటి. చదువు ఏడో తరగతి, అదీ రెండుసార్లు. ఇట్లు, సదరు వ్యక్తి.

ప్రకటన అయిపోయింది. ఇక డైరీ.

ఈ డైరీ కోచింగ్ సెంటర్ వాళ్ళు గల్లీలో ఊరికే పంచింది. ప్రతి పేజీ కింద ‘గెలుపు నీదే’ అని అచ్చు వేశారు. ఎవరి మీద గెలుపో వేయలేదు.

అసలు జరిగింది ఏమంటే, హాస్టల్‌లో ఒక పిల్ల మా బీరకాయ కూర తిన్నాక బోర్డు చదివి వాంతి చేసుకుంది. వాళ్ళ నాన్న భీమవరం నుంచి ఫోన్ చేసి మా ఆవిడను పావుగంట కడిగాడు. ఆమె ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

“పదకొండేండ్లు ఒక్కదాన్నే నడిపిన గీ దుకాణం. ఒక్క ఫోన్ రాలే. నువ్వొచ్చి రెండు నెలలు సుత కాలే.”

“మొసలి మంచిదే. మెత్తగుంటది.”

గరిటె విసిరింది. తగల్లేదు. పదకొండేళ్ళు కోతుల నుంచి తప్పించుకున్న ఒళ్ళు ఇది.

మార్చి 4

కుట్టు లాగుతోంది. మూడు నెలలు బరువు ఎత్తొద్దని పంజాగుట్ట డాక్టర్ అన్నాడు. హెర్నియా మనిషికి నోరు తప్ప ఎత్తడానికి ఏముంటుంది?

మార్చి 7

ఇక్కడ పొద్దున ఏడున్నర అంటే అక్కడ ఐదు. నా వాచీ ఇంకా టాంజానియా టైమే చూపిస్తోంది. మార్చడానికి తీరిక దొరకలేదు.

ఐదింటికి లెమయన్ నీళ్ళ డ్రమ్ముల కింద మంట రాజేస్తాడు. లెమయన్ నేను పదకొండేళ్ళు వంట చేసిన సఫారీ క్యాంపుకు కాపలా మనిషి. ఎర్ర దుప్పటి, చేతిలో బల్లెం, నడుముకు రెండు ఫోన్లు. నేను టీ మరిగిస్తాను. పన్నెండు గుడారాలు, పన్నెండు ట్రేలు. బిస్కెట్ల మీద మూత బిగించాలి. లేకపోతే గెస్టు కన్నా ముందు కోతి టిఫిన్ చేస్తుంది. ఆరింటికి జీపులు సింహాల వేటలో, అంటే కెమెరాల వేటలో, వెళ్ళిపోతాయి. వాటిలో గుజరాతీ కుటుంబాలుంటే డబ్బాల్లో మెంతి రొట్టెలు నావే. అంత దూరం అడవిలోకి వచ్చి కూడా మనవాళ్ళు అడిగే మొదటి మాట, పచ్చడి ఉందా.

జీపులు పోయాక క్యాంపు నాది. నదిలో నీటి గుర్రాలు ముసలాళ్ళు నవ్వినట్టు గరగరమంటాయి. వంటింటి రేకు మీద బబూన్ కోతుల పెద్ద వచ్చి కూర్చుంటాడు. వాడి పేరు సర్పంచ్. పని చేయడు, పక్కవాడి చేతిలోది లాక్కుంటాడు. రోజూ ఒకే దారిన నడిచే అడవి పందికి కండక్టర్ అని పేరు పెట్టాను. అక్కడ నా చేత పేరు పెట్టించుకోని ప్రాణి లేదు.

ఇక్కడ ఏడున్నరకు కోచింగ్ పిల్లలు మందలు మందలుగా మెట్రో మెట్లు దిగుతారు. వీపున సంచులు, తల వంచుకొని, ముందువాడు ఎటు పోతే అటు. అక్కడ నది దాటే మందలు కూడా ఇంతే. ఒక్క తేడా, వాటిని చూడటానికి జనం విమానం ఎక్కి వస్తారు.

ఏప్రిల్, మే వానలకు క్యాంపు మూసేస్తారు. జూన్ ఒకటిన తెరుస్తారు. వస్తానో రానో మే పదిహేనులోగా క్యాంపు నడిపే మేడమ్‌కు చెప్పాలి. అసలు ముందు ఆమె అడగాలి.

అడుగుతుంది.

మార్చి 9

దుకాణం వెనక ఒక బకెట్ పెట్టాను. మా ఆవిడ దాన్ని తన్నుకుంది.

“గీ బకెట్ ఏంది? వాసన గొడుతున్నది.”

“కుడితి.”

“కుడితా? ఎవలకు? అమీర్‌పేటల బర్రె యాడున్నది? మెట్రో రైలుకు పోస్తవా?”

బియ్యం కడిగిన నీళ్ళు మోరీలో పోయడానికి నాకు చెయ్యి రాదు. ఊళ్ళో మా అమ్మ కొట్టి నేర్పిన పని అది. టాంజానియా పోయిన మొదటి నెలలో కూడా వంటింటి వెనక డ్రమ్ము పెట్టి బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల పొట్టు అన్నీ అందులోనే పోశాను. ఎవరి కోసమని ఆలోచించలేదు. కుడితి ఉంటే బర్రె వస్తుంది, అంతే.

మూడో రోజు పొద్దున ఏనుగు వచ్చింది.

ఆడది. ఎడమ చెవి సగం చిరిగి ఉంది, పాత చాటలాగా. డ్రమ్ములో తొండం పెట్టి ఒక్క గుక్కలో సగం లాగింది. లెమయన్ నీళ్ళ ట్యాంకు ఎక్కి వాళ్ళ భాషలో నా వంశాన్నంతా తిట్టాడు. నాకు మాత్రం భయం వేయలేదు. కుడితి తాగుతుంటే బర్రె కళ్ళు ఎట్లా సగం మూస్తుందో అదీ అట్లాగే మూసింది.

మేడమ్ కాగితం ఇచ్చింది. జంతువులకు తిండి అలవాటు చేయకూడదు, చేస్తే అవి మనుషుల మధ్యకు వస్తాయి, చివరికి ఎవడో తుపాకి తీయాల్సి వస్తుంది, ఇంకోసారి చేస్తే ఇంటికి పంపిస్తాం. డ్రమ్ము తీసేశారు. నేను కూడా మళ్ళీ పోయలేదు, ఒట్టు. అయినా అది వచ్చేది. ప్రతి ఏడూ తొలి వానలు పడగానే వచ్చి, డ్రమ్ము ఉన్నచోట కాసేపు నిలబడి పోయేది. నేను వంటింటి కిటికీ జాలీ లోపలి నుంచి చూసేవాణ్ణి.

ఇదంతా చెప్పాను. ఆమె వంకాయలు తరగడం ఆపి విన్నది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నా మాట అంతసేపు విన్నది ఇదే మొదటిసారి. ఆఖరుకు అడిగింది.

“కోతికి, పందికి పేర్లు పెడితివి. దాని పేరేంది?”

“రత్నమాల.”

కత్తి పక్కన పెట్టింది.

“ఏంది?”

“నీ పేరే. మొదటి ఏడాదే పెట్టిన.”

“ఏనుగుకా? గంత లావున్ననా నేను?” అని తడి గుడ్డతో వీపు మీద ఒక్కటిచ్చింది.

అవును, దాని పేరు రత్నమాల. మొదటి ఏడాదే పెట్టాను.

మార్చి 10

మా ఆవిడ ఇవాళ పప్పు రుబ్బుతూ ఏదో రాగం తీసింది. ఎప్పుడూ తీయదు. కూర పొట్లాలు కట్టేటప్పుడు కూడా చెయ్యి ధారాళంగా ఉంది.

మార్చి 13

గల్లీ అంతా చెప్పేసింది. పూలమ్మకు, ఇస్త్రీ ఆయనకు, హాస్టల్ పిల్లలకు. “మా ఆయన ఆఫ్రికల ఏనుగుకు నా పేరు పెట్టిండు.”

మధ్యాహ్నం జోగారావు గారు వచ్చారు. ఎస్.ఆర్. నగర్‌లో ఉంటారు, లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో చేసి రిటైరయ్యారు. రాజమండ్రి మనిషి. ప్లాస్టిక్ కవర్లో కూర తీసుకోరు, స్టీలు క్యారేజీ తెచ్చుకుంటారు. కూరతోపాటు ప్రతి మాటకూ లెక్క అడుగుతారు.

“ఏంటి నర్సింహులు గారూ, మధ్యలో ఐదుసార్లు సెలవుకొచ్చారు కదా. ఒక్కసారైనా మీ ఆవిడకి ఈ పేరు సంగతి చెప్పలేదేం?”

“సిగ్గయింది సార్.”

“మీకా?”

జోగారావు గారి మెడ చూస్తే జిరాఫీ గుర్తొస్తుంది. ఆ మెడ నా మొహం మీదికే వంగింది. మా ఆవిడ నా పక్షాన మాట్లాడింది. “నీకు నమ్మకం లేకుంటే నేను సూపిస్త సార్.” తర్వాత నాతో, “మీ లెమయన్‌ను వీడియో పెట్టుమను. నేనే మాట్లాడుత.”

మార్చి 14

లెమయన్‌తో ఫోన్ మాట్లాడాను. గంటసేపు. మెట్రో స్టేషన్ మెట్ల కింద నిలబడి. అక్కడ మబ్బు పట్టిందట. క్షేమసమాచారాలు.

క్షేమసమాచారాలే.

మార్చి 21

హైనా నవ్వు నా ఫోన్లో రింగ్‌టోన్ పెట్టుకున్నాను. మెట్రో లిఫ్టులో ఎనిమిదిమంది ఉండగా మోగింది. ఆరుగురు దిగారు. ఒకాయన నా కాళ్ళ కింద చూశాడు.

నవ్వుకుంటూ బయటికి వచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. అంతలోనే నవ్వు ఎటో పోయింది. ఆ నవ్వు రికార్డు చేసిన రోజు హైనా నా కుక్కర్ రబ్బరు ఎత్తుకుపోయింది. నేనూ లెమయన్ దాని వెనక చీపుర్లు పట్టుకొని పరుగెత్తాం. ఎండ పడ్డ గడ్డి వాసన, లెమయన్ నవ్వు ఆపుకోలేక కూలబడి నేల చరచడం. నమిలేసిన రబ్బరు దొరికింది. దాన్నే కుక్కర్‌కు పెట్టి పప్పు వండాను.

ఇక్కడ ఏ కుక్కరైనా ఒక్క విజిల్ తప్పదు. విసుగు.

ఏప్రిల్ 2

మేడమ్ మెసేజ్ లేదు.

ఏప్రిల్ 3

లేదు.

ఏప్రిల్ 6

మా ఆవిడ అడిగింది, “అన్నం తినుకుంట ఊకె ఫోన్ ఎందుకు సూస్తున్నవ్?” క్రికెట్ అన్నాను. “ఫోన్ బందున్నది గదా” అంది.

ఏప్రిల్ 11

మూడు గంటలకు దుకాణం ఖాళీగా ఉంది. లెమయన్ వీడియో కాల్ చేశాడు.

క్యాంపు మూసేశారు. గుడారాల గుడ్డలు విప్పేశారు, చెక్క అరుగులు మాత్రం ఉన్నాయి. మోకాలెత్తు గడ్డి. వంటింటికి తాళం. నా జాలీ మీద తీగ పాకింది. మూడు నెలల్లో తీగ పాకింది! నేను ఉన్నప్పుడు పాకనిచ్చానా?

లెమయన్ ఫోన్ తిప్పాడు. డ్రమ్ము ఉన్నచోట అది నిలబడి ఉంది. తడిసి నల్లగా, చిరిగిన చెవి ఊపుతూ.

“రతనమాలా!” అని అరిచాడు లెమయన్, నేను నేర్పిన హిందీలో. “రతనమాలా ఆయా! బహుత్ మోటా!”

మా ఆవిడ ఫోన్ నా చేతిలోంచి గుంజుకుంది. “ఏమే, మంచిగున్నవా? చెవు ఎవడు చింపిండే నీకు?” నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు, కళ్ళు మాత్రం తుడుచుకుంది.

జోగారావు గారు క్యారేజీ పట్టుకొని వెనక నిలబడి అంతా చూశారు. ఫోన్‌కు ఒక నమస్కారం పెట్టారు. “ఒప్పుకుంటున్నానమ్మా. నాదే తప్పు. మీ ఆయన మంచి మనిషి.”

ఆ మాట వద్దనిపించింది. ఎవరో రాయి పెట్టి కొట్టినా బాగుండేది.

ఏప్రిల్ 22

పదకొండేళ్ళలో మొదటిసారి మా ఆవిడ దుకాణం మూసింది. ‘నేడు సెలవు’ అని బోర్డు నాతోనే రాయించింది, ఇంకేమీ రాయకుండా పక్కనే నిలబడి మరీ. జూ పార్కుకు పోదామంది. ఏనుగును చూడాలట.

చీర మార్చింది. జడలో పూలు పెట్టింది. డజను అరటిపండ్లు తెచ్చింది, తిండి పెట్టకూడదని గేటు దగ్గర తీసుకున్నారు. అచ్చం మేడమ్ లాగే మాట్లాడాడు ఆ గార్డు.

కమ్మీ పట్టుకొని గంటసేపు నిలబడింది.

“చెవులు గింతే ఉన్నయేంది?”

“ఇది మనదేశం ఏనుగు. ఆడిది పెద్దగుంటది. చెవులు చాటలంత.”

“నేను గట్లుంటనా?”

“గట్లనే.”

కొట్టలేదు. ఏనుగునే చూస్తూ అంది. “నాకెర్కలే. ఆడికి పోయినంక మర్చిపోయినవనుకున్న. ఫోన్ జేస్తే కోతి గురించి, కుక్కర్ గురించి చెప్తుంటివి. నన్ను ఒక్కనాడు అడగకపోతివి, తిన్నవా అని.” కమ్మీ మీది తుప్పు గోటితో గీకింది. “పదకొండేండ్లు రోజూ నా పేరు పిల్చుకున్నవా ఆడ?”

“ఊఁ.”

“ఇంట్ల ఒక్కనాడు పిలువకపోతివి.”

నిజమే. ఇంట్లో మేమిద్దరమే. పేరుతో పని పడలేదు. ఆమెను నేను పిలిచేది ‘ఇగో’ అనే. ‘ఇగో, నీళ్ళియ్యి.’ ‘ఇగో, తలుపు.’ మా నాన్న కూడా మా అమ్మను అట్లాగే పిలిచేవాడు. మా వాళ్ళలో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచిన మగాణ్ణి నేను చూడలేదు.

బస్సులో నా భుజం మీద నిద్రపోయింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అరగంట ఆగాం. ఇంకో అరగంట ఆగినా బాగుండేది.

మే 2

మేడమ్ వాయిస్ మెసేజ్ పెట్టింది. నీ ఏప్రాన్ మేకుకే ఉంది, జూన్ ఒకటి, వస్తావా?

నాలుగు నెలలు దీనికోసమే చూశాను. విన్నాను. మళ్ళీ విన్నాను. వంకాయ కూర అడుగంటింది.

మే 3

నాకేం ఫికర్ లేదు. పోవాలనే ఉంది.

మే 6

ఆమెకు చెప్పాను. ఉల్లిపాయలు తరిగింది. అన్ని ఉల్లిపాయలు ఏ కూరకూ పట్టవు.

మే 8

పోవాలనే ఉంది.

మే 11

ఇవాళ మధ్యాహ్నం గిన్నెల దగ్గర అడిగాను.

“పోవాలెనా, వద్దా?”

“నన్నడుగుతున్నవా?”

“ఇంకెవల్నడుగుత? జోగారావు సారునా?”

గరిటె కడుగుతూ నిలబడ్డాను. వద్దు అంటుందని. ఒక్క మాట చాలు. కుట్టు ఇంకా మానలేదనో, కొత్త మసాలా మిషన్ ఒక్కదానికి తిరగదనో, ఏదో ఒకటి. గరిటె వెండి గరిటెలాగా తళతళలాడింది. ఇంకా కడిగాను.

“పో” అంది.

“నువ్వొక్కదానివే...”

“పదకొండేండ్లు ఒక్కదాన్నే ఉన్ననని కడుపుల పెట్టుకున్న. ఒక్కదాన్ని కాదని గిప్పుడెర్కైంది. నేను ఆడ సుత ఉన్న గదా. నీ వంటింటి ఎనక.” గిన్నె బోర్లించింది. “నీ పానం ఆడనే కొట్టుకుంటున్నది, నాకు కానొస్తలేదా? ఇంక నా ఫికర్ పెట్టుకోకు.”

గరిటె మళ్ళీ కడిగాను.

మే 12

మేడమ్‌కు వస్తానని చెప్పాను. పేజీ కింద ‘గెలుపు నీదే’.

మే 26

రేపు ప్రయాణం.

సంచి ఆమే సర్దింది. చింతపండు, గొడ్డుకారం, రెండు కుక్కర్ రబ్బర్లు. “ఒకటి నీకు, ఒకటి హైనాకు” అంది. జోగారావు గారు స్టీలు క్యారేజీ ఇచ్చి పోయారు, అడవిలో ప్లాస్టిక్ వాడొద్దని. క్యారేజీ మీద వాళ్ళ ఇంటిపేరు చెక్కి ఉంది.

“ఇగో, విను” అంది నన్ను. నా మాటే నాకు తిప్పి కొట్టింది. “నా పేరు మీద గిన్నెడు కుడితి పొయ్యి దానికి. మేడమ్‌కు చెప్పకు.”

“కాగితం ఇచ్చి ఇంటికి పంపుతది.”

“పంపనియ్యి” అంది. అని గబగబా లోపలికి పోయింది.

ఆ ఒక్క మాట పట్టుకొని అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. ఎదురుగా పిల్లలు క్లాసుల నుంచి వస్తున్నారు. సుమశ్రీ అని ఆ వాంతి చేసుకున్న పిల్ల, “ఏంటి అంకుల్, రేపే అంటగా? అయితే మొసలి కూర ఇంక ఉండదా?” అంది. ఉండదు తల్లీ అన్నాను. వాచీ విప్పి టైమ్ మార్చాను. ఇక్కడి టైమ్‌కు.

తర్వాత లోపలికి చూస్తూ, నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి పిలిచాను.

“రత్నమాలా!”

లోపల గిన్నె కింద పడింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. నా మొహం చూడలేదు. నా చేతులు చూసింది, ఫోన్ కోసం.

“ఏదీ? వీడియో పెట్టిండా?”

“లేదు.”

“మరి ఎందుకు పిలిచినవ్ దాన్ని?”

ఊరికే అన్నాను. యాదికొచ్చింది అన్నాను. “ఎల్లుండి సూస్తవ్ గదా, జర ఓపిక పట్టు” అని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

డైరీలో అబద్ధం ఉంచి విమానం ఎక్కకూడదు. అందుకని రాస్తున్నాను. మార్చి 9న రాసింది అబద్ధం. ఏనుగు నిజం, చెవి నిజం, కుడితి నిజం, మేడమ్ కాగితం నిజం. పేరు మాత్రం అబద్ధం. ఆమె కత్తి ఆపి అడిగింది కాబట్టి నోటికొచ్చింది. మార్చి 14న మెట్రో మెట్ల కింద గంటసేపు మాట్లాడింది క్షేమసమాచారాలు కాదు, లెమయన్‌కు ఆ పేరు పలకడం నేర్పాను. రత్నమాల అనడానికి వాడికి గంట పట్టింది. నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది.

సర్పంచ్‌కు పేరుంది, కండక్టర్‌కు పేరుంది. ఆ ఏనుగుకు నేను ఏ పేరూ పెట్టలేదు. అది వచ్చి నిలబడితే, జాలీ లోపలి నుంచి ‘ఇగో’ అనేవాణ్ణి. చిరిగిన చెవి ఇటు తిప్పేది.